షెడ్డులో చోటు

ఆ క్యాంపస్‌లో బండికి చోటు దొరికితే పరీక్ష పాసైనంత సంబరం. నరసరావుపేట దాటాక పొలాల మధ్య కట్టిన కాలేజీ అది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వేళకి బస్సులుండవు, పిల్లలంతా బండ్ల మీదే వస్తారు. కట్టినవాళ్ళు క్లాసు గదులు లెక్కేసుకున్నారు, టాయిలెట్లు లెక్కేసుకున్నారు, బండ్ల సంగతి మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఉన్నది ఒక్క రేకుల షెడ్డు. అందులో పట్టనివి పొద్దస్తమానం ఎండలో నిలబడతాయి. సాయంత్రం వాటి మీద కూర్చోవడమంటే పెనం మీద కూర్చోవడమే.

అందుకే షెడ్డులో ఒక కట్టుబాటు పుట్టింది. ఎవరూ హ్యాండిల్ లాక్ వేయకూడదు. ఆలస్యంగా వచ్చినవాళ్ళు ఒక బండిని అటు జరిపి, ఇంకోదాన్ని ఇటు లాగి, మధ్యలో తమది దూర్చుకుంటారు. ఎవరి బండిని ఎవరు జరిపినా అడిగేవాళ్ళు లేరు. వేపచెట్టు వైపు వరస ఒక్కటే దీనికి మినహాయింపు. అది వెంకట సాయి వాళ్ళది. ఎవరూ రాసివ్వలేదు, ఎక్కడా బోర్డు లేదు, అయినా వాళ్ళదే. మాచర్ల పక్క ఒక పెద్ద ఊరికి అతని మేనమామ లీడర్. ఆ సంగతి కాలేజీలో చేరిన వారం లోపే అందరికీ తెలుస్తుంది.

ఇదంతా మూడో ఏడాది చదివే సుప్రజకి తెలుసు. తెలిసి కూడా ఆ సోమవారం వేపచెట్టు వరసలోకి వెళ్ళింది. నకరికల్లు నుంచి వస్తుంటే దారిలో ట్రాక్టరు అడ్డం తిరిగి అరగంట పోయింది. కెమిస్ట్రీ ల్యాబ్ ఇంటర్నల్ అప్పటికే మొదలైంది. షెడ్డంతా కిక్కిరిసి ఉంది. వెంకట సాయి నల్ల బుల్లెట్‌కీ ఇనప స్తంభానికీ మధ్య మాత్రం స్కూటీ పట్టీ పట్టనంత సందు కనిపించింది. బుల్లెట్‌ని ఒక జానెడు జరిపితే చాలనుకుంది.

స్కూటీ ముందు చక్రాన్ని సందులోకి దూర్చి స్టాండు వేసింది. బుల్లెట్ హ్యాండిల్ పట్టుకుని, వెనక సీటు కింద కమ్మీ పట్టుకుని లాగింది. కదల్లేదు. నడుం ఆనించి గట్టిగా ఒక్కసారి లాగింది. స్టాండు మడుచుకుపోయింది. ఆ బరువంతా ఆమె చేతుల మీదకొచ్చి, చేతుల్లో ఆగక, స్కూటీ పక్కని రాసుకుంటూ స్తంభం కింద సిమెంటు దిమ్మ మీద పడింది. అద్దం పగిలింది. హెడ్‌లైటు పగిలింది. ట్యాంకు మీద వాళ్ళ పార్టీ నాయకుడి ఫొటో స్టిక్కరు ఉంటుంది. దిమ్మ అంచు సరిగ్గా ఆ ఫొటో ముఖం మీదుగా గీసుకుపోయింది.

లేపడానికి చూసింది. రెండుసార్లు చూసింది. అది కదిలే బండి కాదు. చుట్టూ చూస్తే దూరంగా గేటు దగ్గర సెక్యూరిటీ రామాయమ్మ తప్ప మనిషి లేదు. ఆమె కూడా రోడ్డు వైపు తిరిగి కూర్చుంది. సుప్రజ స్కూటీని వెనక్కి లాగి, తీసుకెళ్ళి క్యాంటీన్ వెనకాల ఎండలో పడేసి, ల్యాబ్‌కి పరిగెత్తింది. పరిగెడుతుంటేనే తెలిసింది తనకి, తప్పు బండిని పడేయడంలో లేదు, ఇట్లా పరిగెత్తడంలో ఉందని. అయినా కాళ్ళు ఆగలేదు.

ల్యాబ్‌లో బ్యూరెట్ కుళాయిని ఎక్కువ తిప్పేసింది. ఒక్కో చుక్కా వదలాల్సిన చోట ధార పడింది, ఫ్లాస్కులో నీళ్ళు లేత గులాబీలో ఆగకుండా ముదురు గులాబీకి పోయాయి. పక్క టేబుల్ మీదున్న భవ్య, ‘ఏమైందే’ అన్నట్టు కనుబొమలెగరేసింది. సుప్రజ ఫ్లాస్కు కడుక్కుని మళ్ళీ మొదలుపెట్టింది. మళ్ళీ ముదురు గులాబీయే వచ్చింది.

మధ్యాహ్నం బయటికొచ్చేసరికి షెడ్డు దగ్గర గుంపు కనిపించింది. సుప్రజ, భవ్య మొదటి అంతస్తు వరండాలో నిలబడి చూశారు. బుల్లెట్‌ని ఎవరో లేపి నిలబెట్టారు. వెంకట సాయి అరవడం లేదు. చిరిగిన స్టిక్కరుని బొటనవేలితో ట్యాంకుకి అదుముతూ నిలబడ్డాడు. వదలగానే అది మళ్ళీ లేస్తోంది. మళ్ళీ అదుముతున్నాడు. అరిస్తే ఇంత భయమేసేది కాదనిపించింది సుప్రజకి.

“ముఖం మీద గీకాడన్నా. కావాలని జేసిందే ఇది,” అన్నాడు పక్కనున్న కుర్రాడు.

“ఏదో మేకు పెట్టి గీకాడు. చూడు ఎంత లోతుకి దిగిందో,” అన్నాడు ఇంకొకడు.

బండి జారి పడి ఉండొచ్చని అక్కడ ఒక్కడికీ తట్టలేదు. ఈ పల్నాడులో బండి దానంతటది పడదు. ఎవరో ఒకరు పడేయాలి, ఏదో ఒక కక్షతో పడేయాలి. ఆ తర్వాత ఆ ఎవరో ఒకరిని వెతుక్కోవడమే పని.

ఎంతోసేపు వెతకలేదు. సల్మాన్ మెట్లు దిగి వస్తున్నాడు. సుప్రజ క్లాసువాడే, ముందు బెంచీ కుర్రాడు. పోయిన వారం వేపచెట్టు వరసని ఫొటో తీసి, ‘షెడ్డు అందరిదీ కదా, కొందరిదేనా?’ అని క్లాసు గ్రూపులో పెట్టాడు. నలుగురు వెళ్ళి చొక్కా పట్టుకున్నారు.

“నేను పొద్దున్నించీ లైబ్రరీలో ఉన్నానన్నా. కావాలంటే సార్ని అడుగు,” అంటున్నాడు సల్మాన్.

“ఫొటోలు తీసేవోడివి గదరా నువ్వు. ఫొటో మీద గీకేది గూడా నువ్వే.”

ఒక దెబ్బ పడింది. పైకి కూడా వినిపించింది. సల్మాన్ కళ్ళజోడు మెట్ల మీద దొర్లుకుంటూ పోయింది. సుప్రజ వరండా పిట్టగోడని రెండు చేతులతో పట్టుకుంది. ‘నేనే’ అని అరవాలి, రెండక్షరాల మాట. అరవలేదు.

“పద, కిందకి చూడమాక,” అని భవ్య చెయ్యి పట్టి లోపలికి లాగింది. “మనల్ని చూస్తే మనల్నేదో అడుగుతారు.”

సాయంత్రం గేటు దాటుతుంటే రామాయమ్మ కుర్చీలోంచి లేచి మరీ, “నిదానంగా పో అమ్మా,” అంది. రోజూ అనే మాటేనా, కొత్తగా అన్నదా? ఇల్లు చేరేదాకా సుప్రజ అదే మాట తిప్పి తిప్పి వింటూ ఉంది. వెనక నుంచి ఏ బండి హారన్ కొట్టినా స్కూటీని పక్కకి తీసి ఆపేసింది.

ఇంటికొచ్చేసరికి తండ్రి సాంబశివరావు వాకిట్లో నిలబడి ఫోన్లో మాట్లాడుతున్నాడు. కూతుర్ని చూడగానే, “సరే, ఉంటా మరి, నువ్వు చెప్పినట్టే,” అని పెట్టేశాడు. ఊళ్ళో ఆయన మాటంటే మాటే. మిర్చి ఎంత పండిస్తాడో రాజకీయమూ అంత పండిస్తాడు. వెంకట సాయి మేనమామ ఏ పార్టీయో ఈయన సరిగ్గా దాని ఎదటి పార్టీ. రెండు పక్షాలవాళ్ళూ ఎన్నికలప్పుడు కర్రలు పట్టుకుని రోడ్డెక్కినవాళ్ళే. సుప్రజ భయమంతా అక్కడే ఉంది. బుల్లెట్ పడేసింది సాంబశివరావు కూతురని తెలిస్తే అది బండి గొడవగా ఉండదు, పార్టీ గొడవైపోతుంది. ఆ ఊరోళ్ళు ఈ ఊరి మీదకొస్తారు, ఈయన ఎదురెళ్తాడు, ఎవరి తలో పగుల్తుంది. గొడవ సర్దుకున్నాక అందరూ కలిసి తేల్చేది ఒక్కటే, ఆడపిల్లకి కాలేజీ ఎందుకని. మూడో ఏడాది పూర్తవకుండానే తన చదువు అయిపోతుంది.

“బండి బానే ఉందా అమ్మా?” అన్నాడాయన.

“ఆఁ.”

“నీకేం తగల్లేదుగా?”

“ఏం తగిలిద్ది నాన్నా?”

“ఊరికే అడిగాలే, రోడ్డు బాలేదు గదా.”

ఆయన స్కూటీ చుట్టూ ఒకసారి తిరిగాడు. పక్కన తెల్లరంగు మీద నల్లటి చార కనిపించింది. భుజం మీది తువ్వాలు తీసి, గొంతుక్కూర్చుని, ఆ చారని రుద్దడం మొదలుపెట్టాడు. పోలేదు. తువ్వాలు కొసని కిరోసిన్‌లో ముంచుకొచ్చి రుద్దాడు. పూర్తిగా పోయేదాకా రుద్దాడు. నాన్న తన బండిని ఇట్లా తుడవడం ఎప్పుడూ చూడలేదు. ఆ ప్రేమకి సుప్రజకి ఏడుపొచ్చింది.

అన్నం దగ్గర, “నాన్నా, కాలేజీలో ఇయ్యాల...” అని మొదలుపెట్టింది.

“విన్నాలే,” అన్నాడు సాంబశివరావు పప్పు కలుపుకుంటూ. “మన గొడవ కాదది. తలొంచుకుని పో, తలొంచుకుని రా. ఎవురన్నా అడిగితే నాకు తెలవదను.”

తల్లి ఆదిలక్ష్మమ్మ నెయ్యి వడ్డిస్తూ కూతురి వైపు చూడనే లేదు. సుప్రజ ఆ రాత్రి మొత్తం మంచం మీద అటూ ఇటూ దొర్లింది. మెట్ల మీద దొర్లిన కళ్ళజోడే కళ్ళ ముందు కదిలింది.

మంగళవారం సల్మాన్ రాలేదు. ఆ రోజు ల్యాబ్ ఇంటర్నల్ అతని బ్యాచ్‌కి. మేడమ్ క్లాసుకొచ్చి అతని పేరు పిలిచి, రెండోసారి పిలిచి, పెన్నుతో గీత పెట్టింది. గ్రూపులో అతను పెట్టిన షెడ్డు ఫొటో కూడా కనపడకుండా పోయింది.

సుప్రజ ఆ సాయంత్రం ఇంటికి పోకుండా స్కూటీని నరసరావుపేటలోకి తిప్పింది. సల్మాన్ తండ్రి గులాం మొహిద్దీన్ మెకానిక్ షాపు పాత బస్టాండు దారిలో ఉంటుంది. బ్రేకు పట్టడం లేదని చెప్పాలనుకుంది. అంతకుమించి ఏం చెప్పాలో, చెప్తుందో లేదో తనకే తెలియదు.

షాపు ముందు నల్ల బుల్లెట్ నిలబడి ఉంది. దాన్ని చూడగానే సుప్రజ స్కూటీని కాస్త ఇవతలే ఆపి నడిచి వెళ్ళింది. గులాం మొహిద్దీన్ ట్యాంకు విప్పి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. వంపు తిప్పిన కడ్డీని పెట్రోలు పోసే కంతలోంచి దూర్చి, సొట్ట పడిన చోటుని లోపలి నుంచి కొంచెం కొంచెంగా నెడుతున్నాడు. పైన అరచేతితో తడుముతున్నాడు. మళ్ళీ నెడుతున్నాడు. పక్కన కొత్త హెడ్‌లైటు, కొత్త అద్దం, కవర్లో ఆ నాయకుడిదే కొత్త స్టిక్కరు.

“ఈ బండి...” అంది సుప్రజ.

“ఆ సాయి మేనమామ, పెద్దాయనే పంపిచ్చాడు పాపా,” అన్నాడు చేతిలో పని ఆపకుండా. “బండి బాగుజేసి, మావోణ్ణి దీస్కొచ్చి, అందరి ముందు తప్పయిందని జెప్పియ్, అక్కడితో ఐపోయిద్ది అన్నాడు. లేకపోతే పోలీస్ కేసంట. కేసయితే ఇంక చదువేముంది, ఉద్యోగమేముంది? చానా మంచిగానే మాట్లాడాడులే. అదీ ఇదీ అన్లా.”

లోపల చీకట్లో, టైర్ల పక్కన, సల్మాన్ స్టూలు మీద కూర్చుని కనిపించాడు. ఒక కన్ను వాచి మూసుకుపోయింది. సుప్రజని చూసి పుస్తకంలోకి తల దించుకున్నాడు.

గులాం మొహిద్దీన్ కడ్డీ పక్కన పెట్టి, గొంతు తగ్గించాడు. “నువ్వు మావోడి క్లాసేగా పాపా. వీడు నేను జెయ్యలా అంటన్నాడు. వీడు అబద్ధమాడే రకం గాదు. నువ్వేమన్నా చూశావా ఆ రోజు?”

ఇంతకంటే మంచి సమయం రాదు. ఎదురుగా ఉన్నది కర్రలు పట్టుకున్నవాళ్ళు కాదు, నూనె చేతుల మనిషి, అడుగుతున్నాడు కూడా. సుప్రజ చున్నీ కొస వేలికి చుట్టుకుంది, విప్పింది.

“చూళ్ళేదు బాబాయ్,” అంది.

ఆయన తలూపాడు. ఆమెని నమ్మాడు. కడ్డీ తీసుకుని మళ్ళీ ట్యాంకులోకి దూర్చాడు. బ్రేకు సంగతి చెప్పకుండానే సుప్రజ బండెక్కింది. తన మీద తనకి పుట్టిన అసహ్యం దారంతా వెంట వచ్చింది. నకరికల్లు పొలిమేరలో బండి ఆపి, రోడ్డు పక్కన చీకటి పడేదాకా కూర్చుంది. లేచేసరికి ఒకటి మాత్రం తేలిపోయింది. చదువు పోతే పోనీ. నాన్న కొడితే కొట్టనీ. రేపు చెప్పేస్తుంది.

బుధవారం పొద్దున వెంకట సాయి క్యాంటీన్ అరుగు మీద టీ తాగుతూ ఒంటరిగా దొరికాడు. సుప్రజ ఎదురుగా వెళ్ళి నిలబడింది.

“మీ బండి పడేసింది నేను. జరుపుతుంటే పడింది. స్తంభం కింద దిమ్మ గీసుకుంది. సల్మాన్‌కేం సంబంధం లేదు.”

వెంకట సాయి టీ గ్లాసు పక్కన పెట్టాడు. ఆమెని పైకీ కిందకీ చూడలేదు, కోప్పడలేదు.

“తెలుసు,” అన్నాడు.

ఫోన్ తీసి, ఏదో వెతికి, ఆమె వైపు తిప్పి పట్టుకున్నాడు. షెడ్డు మూల తనెప్పుడూ గమనించని కెమెరా తీసిన వీడియో. అందులో ఒక చిన్న మనిషి బుల్లెట్‌ని లాగుతోంది, పడేస్తోంది, లేపబోతోంది, పారిపోతోంది. పారిపోయేటప్పుడు ఆ జడ అటూ ఇటూ కొట్టుకోవడం చూసి సుప్రజ కళ్ళు తిప్పేసుకుంది.

“సోమారం సాయంత్రమే సెక్యూరిటీ సూపర్‌వైజర్ ఇది మా మామకి పంపాడు. మామ నాకు పంపాడు. అప్పటికే వాడికి నాలుగు తగిలినయ్యనుకో.”

“తెలిసి కూడా మరి సల్మాన్‌ని ఎందుకు...”

“మరి నిన్నంటామా?” అన్నాడతను, నిజంగానే ఆశ్చర్యపోతూ. “ఆడపిల్లని షెడ్డులో నిలబెట్టి అడిగామంటే రెండూళ్ళు లేస్తయ్. వాణ్ణి కొట్టి ఊరుకుంటే మావోళ్ళు ఊరికినే కొట్టినట్టు అయిద్ది. మామ మీ నాయనకి ఫోన్ జేశాడు, ఇద్దరూ మాట్లాడుకున్నారు.”

“మా నాన్నా? మీ మామా?”

“పార్టీలు వేరైతే ఏందమ్మా, ఫోన్లుంటయ్యిగా. ఎవురి మీదకన్నా పోవాలి గదా ఇది. ఆ మెకానిక్ కొడుకు మీదకి పోనియ్, వాళ్ళకి వెనకెవురూ లేరు అన్నది మీ నాయనే.” వెంకట సాయి గ్లాసు చేతిలోకి తీసుకుని, మిగిలిన టీ తాగేశాడు. “ఇయ్యాల మజ్జాన్నం వాళ్ళొస్తన్నారు. తప్పయిందంటాడు, ఐపోయిద్ది. నీకేం భయం లేదు చెల్లెమ్మా. నీ పేరు ఏడా రాదు.”

సుప్రజకి తండ్రి గొంతుక్కూర్చుని స్కూటీ తుడవడం గుర్తొచ్చింది. మూడు రోజులుగా ఎవరికి భయపడిందో వాళ్ళంతా తన పక్షానే ఉన్నారు. ఇంతకుముందెప్పుడూ ఎరగని భయం వేసింది అప్పుడు. దెబ్బలకి భయపడితే పారిపోవచ్చు. దీన్నుంచి ఎటు పారిపోవాలో తోచలేదు.

మధ్యాహ్నం షెడ్డు దగ్గర సగం కాలేజీ చేరింది. గులాం మొహిద్దీన్ బుల్లెట్‌ని గేటు దగ్గర నుంచి నెట్టుకుంటూ తీసుకొచ్చాడు. ఎవరి బండో ఎక్కి తోలుకొస్తే బాగోదనుకున్నాడేమో, ఎండలో ఆ బరువంతా నెట్టుకుంటూనే వచ్చాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. వెనకాలే సల్మాన్. సెక్యూరిటీ సూపర్‌వైజర్ చేతులు వెనక్కి పెట్టుకుని పెళ్ళిపెద్దలాగా నిలబడ్డాడు. వేపచెట్టు వరసలో బండిని నిలబెట్టి, గులాం మొహిద్దీన్ జేబులోంచి గుడ్డ తీసి కొత్త స్టిక్కరు మీద దుమ్ము తుడిచాడు.

“కానీ, చెప్పు,” అన్నాడు సూపర్‌వైజర్.

సల్మాన్ నోరు తెరిచేలోపల సుప్రజ గుంపులోంచి ముందుకి వచ్చింది. భవ్య చున్నీ పట్టుకుని లాగుతున్నా ఆగలేదు.

“బండి పడేసింది నేను,” అంది, అందరికీ వినపడేట్టు. “సల్మాన్ కాదు. వెంకట సాయికి తెలుసు. ఈ సార్‌కీ తెలుసు. వీడియో ఉంది.”

సూపర్‌వైజర్ రేకుల వైపు చూశాడు. వెంకట సాయి ముఖం నల్లబడింది. వేపచెట్టు వరస కుర్రాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు.

అందరికంటే ముందు కదిలింది గులాం మొహిద్దీన్. గబగబా వచ్చి ఆమె ముందు నిలబడి, రెండు చేతులూ జోడించాడు.

“లేదు లేదు. పాపేం జెయ్యలా,” అన్నాడు, ఆమెతో కాదు, చుట్టూ ఉన్నవాళ్ళతో. “నిన్న మా షాపుకి గూడా వచ్చింది. నేనడిగితే చూళ్ళేదనే జెప్పింది. క్లాసోడని జాలిపడి అంటంది. మావోడే జేశాడు. మావోడే.” తర్వాత ఆమె వైపు తిరిగి, పెదాలు కదిలీ కదలకుండా అన్నాడు. “ఊరుకో పాపా, నీకు దండం పెడతా. కుదిరిపోయింది. చెడగొట్టమాక. నువ్వు ఇంటికి పోతావు, రేపు వీళ్ళ మధ్యకి రావాల్సింది మావోడు.”

ఆయన కళ్ళలో కనిపించింది అచ్చం భయమే. ఈసారి ఆ భయం సుప్రజని చూసి. ఆమె ఇంకో మాట అంటుందేమోనని.

“తప్పయిందన్నా,” అన్నాడు సల్మాన్ ఇంతలో. గట్టిగానే అన్నాడు. “కోపంలో జేశా. ఇంకెప్పుడూ జెయ్యను.”

ఎవరో చప్పట్లు కొట్టబోయి మానేశారు. “ఇంక పదండి పదండి, క్లాసులకి పోండి,” అన్నాడు సూపర్‌వైజర్. గుంపు విడిపోయింది. ఒక్కరు కూడా సుప్రజని ఏమీ అనలేదు. ‘నిజంగా నువ్వేనా’ అని కూడా అడగలేదు. అడుగుతారేమోనని చాలాసేపు అక్కడే నిలబడింది.

ఆ సాయంత్రం తండ్రిని అడిగింది. “సల్మాన్ పేరు నువ్వే జెప్పావంట గదా నాన్నా?”

సాంబశివరావు భుజం మీది తువ్వాలు తీసి దులిపాడు. “నిన్ను చదివిచ్చుకోవాలని జెప్పా,” అన్నాడు. “చెయ్యి కడుక్కో పో, అన్నం తిను.”

గురువారం ఆమె కావాలనే ఆలస్యంగా వచ్చింది. ఎవరి ముఖమూ చూడాలని లేదు. షెడ్డు ఎప్పటిలాగే నిండిపోయి ఉంది. వేపచెట్టు వరసలో మాత్రం, చెట్టు మొదట్లో, మంచి నీడలో, ఒక స్కూటీ పట్టేంత చోటు ఖాళీగా ఉంది. అక్కడ కూర్చున్న కుర్రాడు సుప్రజని చూసి లేచి నిలబడి, ఆ చోటు వైపు చెయ్యి చూపించాడు. “నీదే అక్కా. అన్న చెప్పాడు,” అని, తన పని అయిపోయినట్టు వెళ్ళిపోయాడు.

సుప్రజ బండి దిగలేదు. ఎండలోనే ఆపి, రెండు కాళ్ళూ నేల మీద ఆనించి ఉండిపోయింది.

అంతలో వెనక నుంచి ఇంకో స్కూటీ రొప్పుకుంటూ వచ్చింది. ఫస్టియర్ పిల్ల, మెడలో కొత్త ఐడీ కార్డు, బ్యాగు ఒక భుజానే వేలాడుతోంది. అటూ ఇటూ చూసి, ఖాళీ కనపడగానే ముఖం వెలిగిపోయి, తిన్నగా తీసుకెళ్ళి చెట్టు మొదట్లో పెట్టేసింది. స్టాండు వేసి నాలుగడుగులు వేసిందో లేదో, పక్క బండి మీద కూర్చున్న అమ్మాయి ఆ పిల్లని ఆపి చెవిలో ఏదో చెప్పింది. చెప్తూ సుప్రజ వైపు చూసింది.

ఆ పిల్ల వెనక్కి తిరిగింది. ముఖంలో వెలుగంతా పోయింది. పరిగెత్తుకుంటూ వెళ్ళి బండిని స్టాండు మీంచి తీయడానికి గుంజసాగింది. కంగారులో అది రావడం లేదు.

“ఉండనీ. పెట్టుకో,” అంది సుప్రజ, బండి దిగి దగ్గరికొస్తూ.

“వద్దక్కా. తీసేస్తన్నా. మీదని తెలవదక్కా. కొత్తగా చేరా.”

“నాది కాదమ్మా అది. పెట్టుకో.”

“ఒక్క నిమిషం అక్కా, తీసేస్తా. ఎవురికీ జెప్పమాకక్కా,” అంటోంది ఆ పిల్ల. బండి ఒక పక్కకి ఒరిగింది. పడకుండా పట్టుకుందామని సుప్రజ గబుక్కున చెయ్యి ముందుకి చాపింది.

ఆ పిల్ల బండి వదిలేసి వెనక్కి గెంతి, ముఖానికి మోచెయ్యి అడ్డం పెట్టుకుంది.